వాలుగ దవడా, అమెరికా పత్తీ

మా ఊళ్ళో బీయే తప్పిన ఆడపిల్ల అంతవరకూ ఎవరూ లేరు. బీయే చదివిన ఆడపిల్లే లేదు కాబట్టి. ఆ ఘనత కూడా నాకే దక్కింది. అరవై ఎనిమిది మార్చిలో విజయనగరంలో అన్ని పేపర్లూ గట్టెక్కి, ఒక్క అమెరికా చరిత్ర దగ్గర బోర్లా పడ్డాను. మా అయ్య కేకలెయ్యలేదు. అక్టోబరులో మళ్ళీ రాయమన్నాడు. ఈసారీ పోతే పుస్తకాలు అటకెక్కించి అమ్మ పక్కన కూర్చోమన్నాడు. ఆడపిల్లని పట్నం పంపాడని ఊరంతా చెవులు కొరుక్కుంటుంటే అప్పటికే మూడేళ్ళుగా ఓర్చుకున్నాడాయన.

అమ్మ పక్కన కూర్చోవడమంటే పత్తి పని. శ్రీకాకుళానికీ విజయనగరానికీ నడుమ, సన్న నూలు వడికే ఊరు మాది. మా ఆడవాళ్ళు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ ఎముకకుండే సన్నటి పళ్ళు పీచుని నిలబెట్టి చెత్తని రాల్చేస్తాయి. అంత మెత్తగా దువ్వే దువ్వెన ఏ దేశంలోనైనా ఉంటే తెచ్చి చూపించమనండి. తర్వాత చెక్క మీద పత్తి పెట్టి, ఇనప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. ఆ పని అయ్యేసరికి మెడలు పట్టేస్తాయి. అందుకని ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా చేరే మా ఇంటి పంచలో ఒక ఆచారం ఉండేది. ఒకరు కథ చెప్పాలి, మిగిలినవాళ్ళు చేతులాపకుండా ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే చెప్పేవాళ్ళు నోరు మూసుకోవలసిందే.

ఆ వేసవిలో కథ చెప్పే వంతు నాకు పడింది. నాకు తెలిసిన రాజులూ రాకాసులూ నాలుగు రోజుల్లో అయిపోయారు. మా పంచకి జడ్జీ మా నాయనమ్మ. ఇక పరీక్ష కథే చెప్పమని తీర్పిచ్చింది.

"ఏటో అమెరికా అన్నావు కదే. అదే సెప్పు. మేం కూడా తప్పుతామో నేదో సూద్దుం."

ఇంగ్లీషులో బట్టీ పట్టిందంతా మా మాటల్లోకి దించేసరికి నాకు చెమటలు పట్టాయి. నూట యాభై ఏళ్ళ కిందటి సంగతి అన్నాను. తెల్లవాళ్ళు పడమటికి పోయి అడవులు కొట్టి సేద్యం చేశారు, అక్కడ ముందు నుంచీ ఉన్నవాళ్ళని తరిమేశారు. పెద్ద కాలవ తవ్వి పడవల మీద ధాన్యం తోలారు. రైతుల కూతుళ్ళు ఊళ్ళొదిలి బట్టల మిల్లుల్లో చేరారు, కూలి తగ్గిస్తే మగ్గాలాపేసి బయటికొచ్చారు. ఇక్కడ ఊ చాలా గట్టిగా వినిపించింది. అంతవరకూ ఆస్తిపరులకే ఉన్న ఓటు సెంటు భూమి లేని తెల్లవాళ్ళకీ వచ్చింది అన్నాను. ఆడవాళ్ళకి వచ్చిందా అని నాయనమ్మ అడిగింది. రాలేదన్నాను. ఆవిడ కిందటేడే ఓటేసి, వేలి మీది సిరా చెరిగిపోతుందని రెండు రోజులు అంట్లు ముట్టుకోలేదు. అమెరికా ఆడవాళ్ళని తలుచుకుని జాలిగా నాలుక చప్పరించింది. ఆ జాలి చూసి నాకెంత గర్వమేసిందో చెప్పలేను.

తర్వాత గింజ తీసే యంత్రం దగ్గరికి వచ్చాను. పిడి తిప్పితే చాలు, మా పంచంతా కలిసి వారం రోజులు తీసే గింజని ఒక్క పూటలో రాల్చేస్తుంది. అందరూ ఎవరి చేతులు వాళ్ళు చూసుకున్నారు. అక్కడి పత్తి తోటల్లో నల్లవాళ్ళని బానిసలుగా పెట్టుకున్న సంగతి ముందే చెప్పి ఉన్నాను. అయితే యంత్రం వచ్చాక వాళ్ళని వదిలేసి ఉంటారు అంది అమ్మ. అవునన్నాను. మార్చిలో నేను పరీక్షలో రాసిందీ అదే. పత్తి పనంటే గింజ తీయడమే అనుకునే ఇంట్లో పుట్టినదాన్ని. గింజ బాధ తీరితే మనిషి బాధ తీరినట్టేనని ధీమాగా రెండు పేజీలు నింపాను.

ఎందుకో అనుమానం వచ్చి పుస్తకం తెచ్చి విప్పాను. అందులో అంతా తలకిందులుగా ఉంది. యంత్రం వచ్చాక తోటలు పెరిగాయి, బానిసలూ పెరిగారు. తల్లినీ పిల్లనీ విడదీసి దూరపు తోటలకి అమ్మేశారు. అది చెప్పేసరికి ఊ ఆగిపోయింది. చేతులూ ఆగిపోయాయి.

"అదెలాగే? పని తగ్గినాక మనుసులెందుకు?" అంది అమ్మ.

ఆచారం ప్రకారం నేను ఆపెయ్యాలి. ఆపబుద్ధి కాలేదు. మా మధ్యనున్న పత్తి బుట్ట వైపు చూశాను. ఆ యంత్రం ముందు పెడితే అది పొద్దెక్కకుండా ఖాళీ అవుతుంది. ఖాళీ అయితే ఇంకో బుట్ట కావాలి. మిల్లులకి ఎంత పత్తి పోసినా చాలదు. గింజకి యంత్రం ఉంది గాని, చేలో వంగి కాయకాయా ఏరడానికి లేదు, అది మనుషులే ఏరాలి. ఇదంతా గడగడా చెప్పేశాను. ఆ మాటలు పుస్తకంలో లేవు, నా నోట్లోంచే వచ్చాయి. మూడేళ్ళ చదువులో ఒక పాఠం నాకు నిజంగా అర్థమైంది ఆ పూటే. కాసేపటికి అమ్మ మెల్లగా ఊ అంది.

అక్టోబరు పరీక్షలో పత్తి మీదే ప్రశ్న వచ్చింది. పక్కవాళ్ళు పెన్నులు కొరుకుతుంటే నేను అదనపు కాగితాలు అడిగాను. పేపర్లో నా నంబరు పడ్డ రోజున మా అయ్య సైకిలేసుకుని, మా అమ్మి అమెరికా పాసైపోనాదని వీధి వీధీ చెప్పి వచ్చాడు. ఛాతీ ఇంత వెడల్పు చేసుకుని వచ్చి కూర్చుని, పేరు నిలబెట్టింది, ఇంక చదువు చాలు అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. నాకు ఇంకా చదవాలని ఉంది, ఆ ముక్క ఆయన ముందు అనే ధైర్యం లేదు.

నాయనమ్మ ఆయన మాట వినపడనట్టే నా వైపు తిరిగి, ఆ బానిసల్ని ఆఖరికి వదిలారా లేదా అని అడిగింది. పుస్తకంలో ఇంకొన్ని పేజీలు తిప్పితే ఆ సంగతుంది. నాకు తెలుసు.

"అది ఎమ్మేలో ఉంటాది నానమ్మా," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత అయ్య వైపు తిరిగింది.

"ఇన్నావేటి? కత ఇంకా అవనేదు. మద్దిలో ఆపీడానికి నువ్వెవుడివిరా? దాన్ని ఎమ్మేకి అంపు."