తుది తూముకు తొలి వంతు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, యాసంగి మొదట్లో, కోరుట్ల దగ్గరి ఒక కాలువ సబ్ డివిజన్‌కు నన్ను డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్‌గా వేశారు. మాది సిరిసిల్ల. ఇంటిల్లిపాదీ మగ్గాల మీద బతికినవాళ్లే. కాలువల మీద పడ్డది నేనొక్కదాన్నే.

ఆ కాలువకు ముప్పై ఆరు తూములు. నీళ్లు చాలని ఏడాది అన్నీ ఒకేసారి తెరవం, మొదటి తూము నుంచి వంతులు వేస్తాం. ఏ తూము ఎప్పుడు, ఎన్ని గంటలు తెరవాలో చెప్పే ఆ పట్టికను వారబందీ అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇక్కడే పనిచేసినప్పుడు, నేను ఫోర్‌ట్రాన్ భాషలో రాసిన ప్రోగ్రామే దాన్ని తయారు చేసేది. అది ఉన్న కంప్యూటర్ ఆ ఏడాది ప్రాణం విడిచింది. జగిత్యాలలో ఉండే మా పై అధికారి, ఈఈ గారు, ఆ ప్రోగ్రామ్‌ను పైథాన్ భాషలోకి మార్పించమన్నారు. కొత్తగా వచ్చిన ఇంజనీర్లకు అప్పజెప్పరాదా అని కూడా అన్నారు. నేను రాసింది నేనే మారుస్తానన్నాను. అదంతా పౌరుషం.

రెండు భాషల్లోనూ పట్టిక ఒకటే: తూముకొక వరస. కానీ ఫోర్‌ట్రాన్ వరసలను ఒకటి నుంచి లెక్కపెడుతుంది, పైథాన్ సున్నా నుంచి. కాబట్టి అంతటా ఒకటి తీసేయాలి. తీసేశాను. ఒక్కచోట మాత్రం రెండుసార్లు తీసేశాను. దాంతో మొదటి వంతుకు 'మైనస్ ఒకటో' వరస కావాలని అడిగినట్టయింది. మా పాత ప్రోగ్రామైతే అలాంటి వరస లేదని అక్కడే ఆగిపోయేది. పైథాన్‌లో మైనస్ ఒకటి అంటే చివరి వరస. అది మారు మాట్లాడకుండా ముప్పై ఆరో తూమును తెచ్చి మొదట కూర్చోబెట్టింది; మిగతావన్నీ ఒక వంతు వెనక్కి జరిగాయి. నేను గంటల మొత్తం కూడి చూశాను. గింజంత తేడా లేదు. సంతకం పెట్టాను.

తూములు తెరిచి మూసే లస్కర్ మల్లేశం పొద్దున్నే ఫోన్ చేశాడు.

"మేడం, గీ కాయితంల తుది తూము ముందుగాల అచ్చింది. నిజమేనా?"

"నా సంతకం ఉందా?"

"ఉన్నది."

"మరింకేంది? కాయితంల ఎట్లుంటే గట్లనే చెయ్యి."

మర్నాడు మొదటి తూము కింది రైతు రాజిరెడ్డి ఆఫీసుకు వచ్చాడు. "ఎన్నడన్న తోక ముందుగాల తాగుతదా మేడం?" అని నిలదీశాడు. ఆయన కూర్చోకముందే చివరి తూము కింది రాజవ్వ ఆటో దిగింది. "నారు ముదిరింది బిడ్డా. ఇగ పసులకు ఏద్దామనుకున్న. కాలువ నిండ నీళ్లచ్చినయి!" అని నా చేతులు పట్టుకుంది.

అప్పుడు గానీ నేను ప్రోగ్రామ్ తెరవలేదు.

తప్పు నాదేననీ, లెక్కలో ఒకటిని రెండుసార్లు తీసేశాననీ రాజిరెడ్డికి చెప్పాను. ఆయన "రెండుసార్లు నా వంతుల నుంచే తీసేసిన్రా?" అన్నాడు. ఆయన వంతు ఒక్కటే జరిగిందనీ, రేపు వస్తుందనీ నచ్చజెప్పేసరికి రెండు చాయ్‌లు అయ్యాయి.

సాయంత్రం ఈఈ గారు ఫోన్ చేసి, తుది నుంచి మొదలుపెట్టడం మంచి ఆలోచన, జిల్లా మీటింగ్‌లో చెప్పమన్నారు. నా నోటి దాకా వచ్చిన మాట "థాంక్యూ సార్". దాన్ని మింగి, అది ఆలోచన కాదు, పొరపాటు అన్నాను. ఆయన చాలాసేపు నవ్వి, సంజాయిషీ రాసివ్వమన్నారు. రాసిచ్చాను.

మొదలైన వంతులను ఆపలేదు. రెండో విడతకు ప్రోగ్రామ్ సరిచేశాను. పట్టిక సరిగ్గా వచ్చింది, ఎప్పటిలాగే పైవాళ్ల తూములు దాటి రాజవ్వ పొలానికి బురద మాత్రమే చేరింది. మరుసటి యాసంగికి తుది తూము నుంచి వంతులు వేయాలని ఈఈ గారి చేత ఉత్తర్వు తీయించి, ఆ మాటే ప్రోగ్రామ్‌లో స్పష్టంగా రాశాను.

మొత్తం సరిపోయినంత మాత్రాన లెక్క సరైనట్టు కాదు. మొదటి వరసనూ చివరి వరసనూ కళ్లతో చూడాలి. పొరపాటు వల్ల జరిగే మేలు ఒక్కసారే జరుగుతుంది. మళ్లీ జరగాలంటే దాన్ని పొరపాటని ఒప్పుకుని, ఉత్తర్వుగా రాయాలి.