పాలలో నేను కలిపింది

సాంచా ముందు కూర్చుని లేవలేకపోయిన రోజు నుంచి చెబుతాను. మాది సిరిసిల్ల. పవర్‌లూమ్‌ను మా దగ్గర సాంచా అంటారు. ఇరవై ఏళ్లకు పైగా నాకు అదే పని. పోగు తెగితే సాంచా ఆపాలి, గొంతుక్కూర్చుని అతుకు వేయాలి, లేచి మళ్లీ నడపాలి. ఆ మధ్యాహ్నం ముడి వేసి లేవబోతే తొడలు నా మాట వినలేదు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. బలం లేదు, అంతే. సాంచా చట్రం పట్టుకుని రెండు చేతులతో నన్ను నేను పైకి లాక్కున్నాను.

పక్క సాంచాలు చూసుకునే రాజేశం నవ్వాడు. "ఏం బావా, శేటు లెక్క అయితున్నవ్! ఇగ నిన్ను లేపుటానికి జాకీ తేవాలె."

నేనూ నవ్వాను. ఆ మాట నాకు పొగడ్త. ఏడు నెలల ముందు నా బరువు నలభై ఆరు కిలోలు. అప్పుడు అదే రాజేశం నన్ను "పుల్ల బావ" అని పిలిచేవాడు. ఇప్పుడు యాభై ఎనిమిది. బుగ్గలు నిండాయి, పొట్ట వచ్చింది. కాళ్లు మాత్రం అంతకు ముందుకంటే సన్నబడ్డాయి. లుంగీ కింద కాళ్లను ఎవరు చూస్తారు?

నేను సన్నగా ఉండడానికి పెద్ద కారణమేమీ లేదు. షిఫ్టులో ఆరు చాయ్‌లు తాగేవాణ్ని, అన్నం సగం తిని డబ్బా మూసేవాణ్ని. అది మార్చుకోవాలని ఎవరూ చెప్పలేదని అనలేను. నా భార్య సుజాత రోజూ చెప్పేది. నాకు ఓపిక లేదు. సుజాత పుట్టింటి ఊరు కోరుట్లలో ఒకాయన బలం పొడి ఇస్తాడని విని వెళ్లాను. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా. దాని మీద పేరు లేదు, కాగితం లేదు. "ఆయుర్వేదం అన్నా. మూడు నెలలల్ల పది కిలోలు. సైడ్ ఎఫెక్ట్ అనేదే ఉండది" అన్నాడు. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా. వారం తిరగకుండానే ఆకలి విరుచుకుపడింది. నెలలో ముఖం నిండింది.

మా అమ్మాయి అఖిల ఇంటర్లో బైపీసీ చదువుతోంది. ఒకరోజు ఆ డబ్బాను చేతిలో తిప్పి తిప్పి చూసి, "బాపూ, దీని మీద పేరేది? ఏమేం కలిపిండ్రో రాసి లేదేంది?" అని అడిగింది.

"ఆయుర్వేదానికి గవన్నీ ఉండయి బిడ్డా" అన్నాను.

"అయితే నాకు మాత్రం వద్దు" అంది నవ్వుతూ.

ఆమె వద్దని చెప్పింది. ఈ సంగతి నేను రాయకుండా వదిలేస్తే మిగతాదంతా అబద్ధమవుతుంది.

అఖిల నా పోలికే, సన్నం. ఒక పెళ్లిలో బంధువు ఒకామె అందరి ముందు, "గీ పోరి బాపు లెక్కనే ఎండుకపోయిందేందే" అంది. అఖిల పట్టించుకోలేదు. నాకే ఆ మాట గుచ్చుకుంది. మర్నాటి నుంచి పొద్దున పాలు కాచే పని నేను తీసుకున్నాను. ఆమె గ్లాసులో అర చెంచా పొడి, పైన రెండు చెంచాల చక్కెర. సుజాత మురిసిపోయింది. "ఇన్నేండ్లకు బిడ్డకు గిలాసెడు పాలు కాశి ఇయ్యబుద్ధైంది నీకు" అంది. రెండు నెలలు అలా ఇచ్చాను. అఖిల బుగ్గలు కూడా నిండుతున్నాయని లోపల సంతోషపడ్డాను.

ఆలోగా నా పొట్ట మీద ఊదారంగు గీతలు పడ్డాయి. చిన్న దెబ్బ తగిలినా చర్మం కమిలిపోయేది. సాంచా ముందు లేవలేకపోయింది ఆ రోజుల్లోనే. మోతాదు సరిపోవడం లేదనుకున్నాను తప్ప, మోతాదే కారణమని అనుకోలేదు. డబ్బా అడుగంటింది. కోరుట్లలో బావమరిది కొత్తింటి గృహప్రవేశం ఉంది, అప్పుడే ఇంకో రెండు డబ్బాలు తెచ్చుకోవచ్చు అనుకున్నాను. అఖిలకు పరీక్షలు దగ్గర పడడంతో ఆమెను సిరిసిల్లలోనే మా అమ్మ దగ్గర ఉంచాం. బస్సెక్కే రోజు పొద్దున అడుగున మిగిలింది గీకి ఆమె పాలలో కలిపి, డబ్బా కడిగేశాను.

కోరుట్లలో ఆయన ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటామె, "ఊరిడిశి పోయిండు, నెల దాటింది. మీ అసొంటోళ్లు దినాం అచ్చి సూశి పోతుండ్రు" అంది.

మూడో రోజు గృహప్రవేశం బంతిలో భోజనానికి కూర్చున్నాను. తెల్లవారుజాము నుంచి వాంతులు, కళ్లు తిరగడం. ఎండ అనుకున్నాను. అన్నం ముందు కూర్చున్నవాణ్ని అలాగే పక్కకు ఒరిగిపోయాను. బావమరిది కారులో జగిత్యాల తీసుకెళ్లి ఒక ఆస్పత్రిలో చేర్చాడు. బీపీ ఎనభై, కింది అంకె యాభై. సోడియం తక్కువ, షుగర్ తక్కువ.

డాక్టరమ్మ చిన్న వయసావిడ. "ఏమన్న మందులు వాడుతున్నవా అన్నా? పొడులు, గోలీలు?" అని అడిగింది.

మంచం చుట్టూ అత్తింటివాళ్లు ఉన్నారు. రెండు రోజుల ముందే "బావ మంచిగైండు" అని మెచ్చుకున్నవాళ్లు. "ఏం లేవు మేడం" అన్నాను.

ఆమె చొక్కా ఎత్తి గీతలు చూసింది. "గివి ఊకెనే రావన్నా. నువ్వు చెప్పకుంటే నేను చీకట్ల సూది పెట్టినట్టే."

సుజాతే చెప్పింది. "బలం పొడి తింటున్నడు మేడం, ఏడు నెలల సంది. మూడు రోజులైంది అయిపోయి."

డాక్టరమ్మ తలాడించింది. "గందుల స్టిరాయిడ్ కలిపి ఉంటరు. బయటి నుంచి స్టిరాయిడ్ అస్తుంటే, లోపల దాన్ని తయారు చేసే నీ అడ్రినల్ గ్లాండ్ పని బంద్ పెట్టింది. ఇప్పుడు బయటిది ఒక్కసారే ఆగింది, లోపలిదింకా లేవలె. గీ మందు నెమ్మదిగ తగ్గించాలె గని, ఒక్కసారి బంద్ చేస్తే ప్రాణం మీదికస్తది." హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ రాసింది. ఒంట్లో తయారయ్యే స్టిరాయిడ్ ఎంతుందో చూసే కార్టిసాల్ టెస్టుకు మర్నాడు పొద్దున ఎనిమిదింటికి రక్తం తీయమంది. పోబోతూ ఆగి అడిగింది: "ఇంట్ల ఇంకెవరన్న తిన్నరా?"

"ఎవ్వల్లేరు మేడం, గీయనొక్కడే" అంది సుజాత.

నేను సెలైన్ సీసా వైపు చూశాను.

ఒక్కసారి బంద్ చేస్తే ప్రాణం మీదికొస్తుంది. అఖిల పాలలో పొడి ఆగి నాకు ఆగినన్ని రోజులే అయింది. నేను అక్కడ లేను కాబట్టి, డబ్బా కడిగేశాను కాబట్టి. ఇస్తూ పోయి ఉంటే చెడు జరిగేది. ఆపేయడం వల్ల ఇప్పుడు చెడు జరుగుతోంది. రెండూ నా చేతులతోనే. నోరు తెరిస్తే సుజాతకు తెలుస్తుంది, బావమరుదులకు తెలుస్తుంది, అందరికంటే ముందు అఖిలకు తెలుస్తుంది. అర చెంచానే కదా, రెండు నెలలే కదా, చిన్న వయసు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అందరూ టీకి వెళ్లాక ఆమెకు ఫోన్ చేశాను.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

"మంచిగనే ఉన్న బాపూ. జర నీరసముంది. నీకెట్లుంది?"

"నాకేం కాలే. పాలు తాగుతున్నవా?"

"నానమ్మ కాశి ఇస్తుంది. నువ్వు కాశినట్టు అయితే లేవు" అని నవ్వింది.

ఫోన్ నా చేతిలో ఉంది, బిడ్డ అవతల ఉంది, పక్కన ఎవరూ లేరు. అప్పుడైనా చెప్పవచ్చు. "మంచిగ సదువుకో" అని పెట్టేశాను. జబ్బు తెలియక వచ్చింది. పొడి తెలివితక్కువతో ఇచ్చాను. కానీ ఆ సాయంత్రం నుంచి మర్నాటి పొద్దున దాకా నేను చేసింది తెలిసి చేసింది. దానికి ఏ పేరూ వెతుక్కోను.

పొద్దున రక్తం తీసి పోయిన కాసేపటికి మా అమ్మ ఫోన్. "కొడుకా, పిల్ల వాంతులు చేసుకుంట గడపల పడిపోయింది. ఎండ దెబ్బ కావచ్చు, మజ్జిగ తాగిపిచ్చిన. కండ్లు తెరుస్తలేదురా."

సుజాతకు చెప్పాను. ఆమె అరవలేదు. "గా పాలల్లనా?" అంది. అంతే. నా ఫోన్ లాక్కుని రాజేశానికి చేసి, అఖిలను వెంటనే సిరిసిల్లలోని ఆస్పత్రికి తీసుకుపొమ్మంది. డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది. డాక్టరమ్మ అక్కడి డ్యూటీ డాక్టరుతో మాట్లాడి, ఏ ఇంజెక్షన్ ఇవ్వాలో చెప్పింది. తర్వాత నా మంచం దగ్గరికి వచ్చింది. "నిన్ననే అడిగిన గదన్నా" అంది.

అఖిల నాలుగు రోజుల్లో లేచింది. మూడు నెలలు గోలీలు తగ్గిస్తూ వచ్చి, టెస్టు చేసి, ఆపేశారు. పరీక్షల్లో రెండు పేపర్లు పోయాయి.

నాది అంత తొందరగా తెమల్లేదు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి హైడ్రోకార్టిసోన్. నెలల తరబడి చొక్కా జేబులో ఆ గోలీలు, "ఈయన స్టిరాయిడ్ మీద ఉన్నాడు" అని రాసిన కాగితం. దేని నుంచి బయటపడాలో అదే లేకుండా వీధి చివరిదాకా వెళ్లలేను. ఒకసారి జ్వరం వస్తే, డాక్టరమ్మ చెప్పినట్టు మోతాదు రెట్టింపు చేయడం మరిచి మళ్లీ ఆస్పత్రిలో పడ్డాను. ముఖంలో నీరు దిగిపోయి బరువు నలభై తొమ్మిదికి వచ్చింది. సాంచాల దగ్గర రాజేశం, "గాలి దీసిండ్రా బావా?" అని మొదలుపెట్టి, నా ముఖం చూసి తన సాంచా వైపు తిరిగాడు.

డాక్టరమ్మ, ఆమె పంపిన ఫిజియోథెరపిస్టు చెప్పినవి చాలా చప్పగా అనిపించాయి. ఆరు చాయ్‌లు రెండు చెయ్యి. పొద్దున జొన్నరొట్టె, రెండు గుడ్లు. పదింటికి చాయ్‌కి బదులు గుప్పెడు ఉడికించిన పల్లీలు. మధ్యాహ్నం డబ్బాలో ముద్దపప్పు, ఒక చెంచా నెయ్యి. నాలుగింటికి ఉడికించిన శనగలో బబ్బెర్లో, వాటిని మేం గుడాలంటాం. రాత్రి పెరుగు. ఇక కసరత్తు: కుర్చీ. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి, కూర్చోవాలి. తర్వాత గోడకు చేతులు పెట్టి నెట్టడం, నీళ్లు నింపిన సీసాలు ఎత్తడం. మొదటి రోజు చేతులు ఆనించినా కుర్చీలోంచి రెండుసార్లే లేచాను. కండరం కరిగిపోయిందని, అది తిరిగి రావడానికి నెలలు పడుతుందని చెప్పారు.

మొదటి నెలలో ఒక్క కిలో కూడా పెరగలేదు. ఒక మధ్యాహ్నం ఫోన్‌లో ఇంకో పొడి ప్రకటన చూస్తూ కొనే బటన్ దాకా వెళ్లాను. ఇంత జరిగాక కూడా. అందుకే నా మీద నేను ఆధారపడడం మానేశాను. ఫోన్ తీసుకెళ్లి సుజాతకు చూపించాను. ఆమె చూసి, నా ముందు గుడాల గిన్నె పెట్టింది. వంట మానలేదు, వడ్డించడం మానలేదు. పాల గిన్నె మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు.

అఖిల నాతో మాట్లాడేది. బాపూ అనే పిలిచేది. కానీ నేను ముంచి ఇచ్చిన మంచినీళ్లు కూడా పారబోసి, గ్లాసు కడిగి, తనే ముంచుకునేది. ఒకసారి అడిగింది: "అడిగితే నేను వద్దంటుంటి. గందుకే అడగలే గదా?"

"అవును బిడ్డా" అన్నాను.

ఆమెకూ డాక్టరు అవే కసరత్తులు చెప్పాడు. కొన్నాళ్లు తను లోపలి గదిలో, నేను ముందు గదిలో చేసేవాళ్లం. ఒకరోజు నేను పైకి లెక్కపెడుతుంటే లోపలి నుంచి గొంతు వినిపించింది. "ఏడు కాదు, ఆరే. కుర్చీ చప్పుడు ఆరుసార్లే అచ్చింది. మళ్ల దొంగ లెక్కనా బాపూ?" నవ్వుతూనే అంది. నేను ఏడోది లేచాను. తర్వాత్తర్వాత కుర్చీ తెచ్చుకుని ముందు గదిలోకే వచ్చింది.

ఇప్పటికి ఏడాదిన్నర. నా బరువు యాభై నాలుగు. నాకు పొద్దున గోలీ ఇంకా ఉంది. కిందటి టెస్టులో కార్టిసాల్ కొంచెం పెరిగిందన్నారు, ఇంకా చాలదన్నారు. జేబులో కాగితం అలాగే ఉంది. సాంచా ముందు పోగు అతికి, చేతులు ఆనించకుండా లేస్తున్నాను. అఖిల పోయిన పేపర్లు రాసి పాసైంది. ఇంకా సన్నంగానే ఉంది. నిండు బిందె ఎత్తి పెడుతుంది.

కిందటి ఆదివారం ఆమె పల్లీలు, రాగులు, నువ్వులు వేయించి పొడి కొట్టి డబ్బాలో పోసింది. కాగితం మీద ఒక్కొక్కటీ పేరు రాసి అతికించింది. పాల గిన్నె, డబ్బా, చెంచా నా ముందు పెట్టింది. "నా ముంగట కలుపు" అంది. కలిపాను. చెంచా డబ్బాలోకి పోయినప్పటి నుంచి గ్లాసులో ఆగేదాకా ఆమె కళ్లు నా చేతి మీదే ఉన్నాయి. గ్లాసు చాపితే తీసుకోలేదు.

"ముందుగాల నువ్వు తాగు."

రెండు గుక్కలు తాగాను. అప్పుడు నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. కడగలేదు.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరైనా పేరు లేని పొడో గోలీయో తింటూ ఉంటే, భయపడి ఈ రోజే మానేయకండి. ఆ డబ్బా పట్టుకుని ఈ రోజే డాక్టరు దగ్గరికి పొండి. ఇంట్లో ఇంకెవరైనా తింటున్నారా అని అడుగుతారు. పక్కన ఎవరున్నా సరే, అడిగిన ఆ క్షణంలోనే చెప్పండి.