పెద్దమ్మ గొంగడి వాసన

ఆ రోజుల్లో మాదాపూర్‌లో ఒకపక్క అద్దాల మేడలు లేస్తుంటే మరోపక్క బండలు పేలుస్తుండేవారు. ఆ రెంటినీ మించిన చప్పుడు నా గర్వానిది. కాకినాడ నుంచి వచ్చి కంప్యూటర్ ఉద్యోగంలో చేరానాయె! మనిషి ముక్కులో వాసన పట్టే ప్రోటీన్ ఒకటుంటుంది. దాన్ని తయారుచేయించే జన్యువు తాలూకు అక్షరాలను తెర మీద పోల్చి చూడటం నా పని. (అది నాకెంత అర్థమైందో మా మేనేజరుకు తెలియదు, ఆయనకెంత అర్థమైందో నాకూ తెలియదు.)

నేను కిరాయికున్న ఇంటావిడను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. మాదాపూర్ పల్లెగా ఉన్ననాటి మనిషి. ఏదో జ్వరంలో ఆవిడకు వాసన తెలియడం పూర్తిగా పోయింది. నా ఉద్యోగం సంగతి విని, ఒక ఆదివారం తన ముక్కుపుడక తీసి నా చేతిలో పెట్టింది.

"పెండ్లి నాటి సంది నా ముక్కుకే ఉన్నది బిడ్డా. గిది మీ కంప్యూటర్‌కు చూపియ్యి. నాకు వాసన మళ్ల వస్తదేమో అడుగు."

"అలా కుదరదండి పెద్దమ్మగారూ..." అని నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను.

ట్రంకుపెట్టె తెరిచి ఒక నల్ల గొంగడి తీసింది. పోయిన భర్తది. ఆయన వాసన పోతుందని ఒక్కసారీ ఉతకలేదట.

"జర నువ్వు చూడు బిడ్డా. ఆయన వాసన ఇంకా ఉన్నదా, పోయిందా? గదే నా ఫికర్."

ముఖం ఆనించానో లేదో, నాఫ్తలీన్ ఉండల ఘాటు గుప్పుమంది! పురుగు కొట్టకుండా మడత మడతకూ ఆవిడే పెట్టింది. ఘాటు తెలియక పెడుతూనే పోయింది. ఆయన వాసన ఇంకెక్కడిది? ఆ మాట ఈవిడకు ఎలా చెప్పను? నాకు ఏడుపొచ్చింది.

"ఉందండి," అన్నాను. అంతటితో ఊరుకోవచ్చుగా! వాసనల ఉద్యోగినిని కదా, "కొంచెం బీడీ వాసన కూడా వస్తోందండి," అని నా పాండిత్యం జోడించాను.

పెద్దమ్మ చప్పున నా వంక తిరిగింది.

"ఆయన జన్మల బీడీ ముట్టలే."

నేను తల దించుకున్నాను. ఆవిడ మడతల్లోంచి ఒక ఉండ తీసి చూపించింది. "గీ గోలీల వాసనేనా?"

తలూపాను. పెద్దమ్మ ముక్కుపుడక తిరిగి పెట్టుకుని, గొంగడి ఒళ్లోకి తీసుకుని నిమిరింది. "పోనియ్యి తియ్యి బిడ్డా. పురుగన్న కొట్టలే," అంది.

ఇన్నేళ్ల తర్వాత కూడా, బీరువా తెరవగానే నాఫ్తలీన్ వాసన తగిలితే, నేనెన్నడూ చూడని, జన్మలో బీడీ ముట్టని ఆ పెద్దాయనే గుర్తొస్తాడు. నా అప్పటి పాండిత్యానికి నవ్వొస్తుంది. కానీ కాసేపు బీరువా తలుపు వేయబుద్ధి కాదు.