ఐస్ పెట్టెలో కొబ్బరి పీచు

ఆ రోజుల్లో లోకాన్ని బాగుచేసే పని నాకు మహా తొందరగా ఉండేది. పోర్ట్ బ్లెయిర్‌లో డిగ్రీ ఆఖరి ఏడు. బ్రూక్షాబాద్‌లో మా ఇంటి చుట్టూ ఎక్కడ చూసినా కొబ్బరి పీచే. దాంట్లోంచి ఇంధనం తీస్తానని ప్రాజెక్టు పెట్టుకున్నాను. పీచు మొండిది, ముందు దాన్ని మెత్తబరిస్తేగానీ లోపలి సరుకు చక్కెరగా మారదు, చక్కెర పులిస్తేగానీ స్పిరిట్ రాదు. "యాసిడ్‌లో ఉడికించమ్మా, పూటలో తేలిపోతుంది" అన్నారు మా సార్. ఆ యాసిడ్ నీళ్లు చివరికి చేరేది మా నాన్న వల వేసే సముద్రంలోకే కదా! బూడిద నీళ్లతోనే చేస్తానన్నాను. (నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.) "సరే, మన కాలేజీ ప్రదర్శనలో దాంతో మంట వెలిగించు. వెలగకపోతే వచ్చే ఏడు నుంచి అందరికీ యాసిడే" అని తేల్చేశారు.

అబర్డీన్ బజార్‌లో కట్టెల పొయ్యి మీద టీ కాచే భయ్యాని బూడిద అడిగితే, "చాయ్ నహీ, సిర్ఫ్ రాఖ్?" అని నన్ను ఎగాదిగా చూసి సంచీ నింపాడు. ఆ బూడిద తేటలో పీచును అమ్మ ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించాను. "ఇంక పప్పెడితే పీచు కంపే! ఆ కుక్కరు నీతోపాటే అత్తోరింటికి అట్టుకుపో" అంది అమ్మ. మెత్తబడిన పీచును బాగా కడిగి, కాలేజీలో ఇచ్చిన ఎంజైమూ ఈస్టూ కలిపి డబ్బాలో పోసి, నాన్న ఖాళీ ఐస్ పెట్టెలో దాచాను. చల్లదనాన్ని నిలిపే థర్మోకోల్ పెట్టె వెచ్చదనాన్నీ నిలుపుతుందని నా తెలివి.

ప్రదర్శనకు ముందురోజు పొద్దున్న లేచి చూస్తే పెట్టె లేదు. చీకట్లో ఐసు నింపిన పెట్టె అనుకుని నాన్న దాన్ని పడవెక్కించేశాడు! సముద్రం మీద సిగ్నల్ ఉండదు. జెట్టీ మీద కూర్చున్నాను. వాన వచ్చినా కదల్లేదు. మధ్యాహ్నానికే పడవ తిరిగొచ్చింది.

"ఏటమ్మా ఇది! మూత తీత్తే ఐసు లేదు, గంజి నురగలు కక్కుతంది" అన్నాడు నాన్న.

"పారబోసేశావా నాన్నా?"

"నీదని తెలిసినాక ఎలాగ పారబోత్తాను? ఒళ్లో ఎట్టుకోని కూకున్నాను. ఐసు లేనికాడ సేపలేం పడతాను? తిరిగొచ్చీసినాను."

ఆ రోజు వేట నా పీచుకి బలైపోయిందని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కాలేజీకి పరిగెత్తి, ఆ ద్రవాన్ని ఒకటికి రెండుసార్లు మరిగించి, ఆవిరి పట్టి చల్లార్చాను. గరిటెడు స్పిరిట్ దిగింది.

మర్నాడు మైదానంలో, మండుటెండలో, దీపం ముట్టించాను. మంట కనపడలేదు. (స్పిరిట్ మంట పగటి ఎండలో కనపడదన్న సంగతి చదివి పరీక్ష కూడా రాశాను, మహానుభావురాలిని.) "జలా హీ నహీ" అన్నారెవరో. సార్ తల అడ్డంగా ఊపారు. అప్పుడు జనంలోంచి నాన్న వచ్చి, వంగి, నోట్లో చుట్టను ఆ లేని మంట మీద పెట్టి గుప్పున పొగ వదిలాడు. "ఎలగలేదంతారేటి? మూతి సురుక్కుమంది!"

ఇప్పుడు ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతున్నాను. అప్పటి నాలోని మొండిపిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. చుట్ట మానమని ఇంట్లో రోజూ నాన్నతో పోట్లాడే పిల్ల, ఆ రోజు మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని, "ఇంకోటి ముట్టించు నాన్నా, వెనకవాళ్లు చూడలేదు" అంది.