మా అటక మీద రెండో పలక

ఈరోజు బుధవారం. మా మేడ మీద అద్దెకుండే ఫిజిక్స్ మేడం మొన్న ఆదివారం ఆసుపత్రిలో కన్నుమూసింది. గుణదల నుంచి ఆమె అన్నగారు నిన్న వచ్చి, శనివారం గది ఖాళీ చేస్తానన్నారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కాలేజీ వద్దనుకున్న పాత కంప్యూటర్లను తీగలతో కలిపి, పైగదిలో ఆమె ఒక పరిశోధన నడిపేది. ఆకాశం నుంచి ఎడతెగకుండా రాలే, కంటికి కనబడని కణాలను పట్టడం ఆమె పని. నల్లగుడ్డ చుట్టిన పలక ఒకటి తన గదిలో, సరిగ్గా దాని కిందుగా మా వంటింటి అటక మీద రెండోది. కణం దూరితే పలక మినుకుమంటుంది. ఊరికే కూడా మినుకుమంటుంది. రెండూ ఒకే క్షణంలో మినుకుమంటేనే లెక్క. ఒక్కటే అయితే వట్టి గోల, అక్కడికక్కడే పారేయాలి. అంత వేగంగా తేల్చడం ఒక్క యంత్రం వల్ల కాదు. నాట్లకు దిగిన ఆడవాళ్ళలా అన్నీ పని పంచుకునేవి. కణం తేలినప్పుడు మా అటక మీద చిన్న టిక్కు వినబడేది.

నాకు పారేయడం గిట్టదు. "అన్నీ దాచి తీరిగ్గా చూసుకోవచ్చు కదమ్మాయ్" అన్నాను.

"వచ్చింది వచ్చినట్టే తేల్చెయ్యాలి పిన్నిగారూ. రేపు చూద్దామంటే రేపటివొచ్చి మీద పడతాయి."

"పొరపాటున మంచిది పారేస్తే?"

"పోయినట్టేనండి. అందుకే ఏది ఉంచాలో వాటికి ముందే చెప్పుకోవాలి."

వానాకాలంలో ఆ కంప్యూటర్ల వెనక వేడిగాలికి నా వడియాలు ఆరేవి. ఒకసారి ఆ పిండిపొడి ఫ్యాన్లలోకి పోయి రెండు ఆగిపోయాయి. "విశ్వంలో వడియాలు కూడా ఉంటాయని నేను వాటికి చెప్పలేదండి" అంటూ బ్రష్షుతో దులిపింది. వేయించి పట్టుకెళితే పప్పన్నంలో నంచుకుని తినేది.

టిక్కుమంటే పైనుంచి, "ఒప్పుకున్నాయండీ రెండూ" అనేది. నేను వంటింట్లోంచి "సరే" అనేదాన్ని. కొన్ని రోజులు మా మాటలు అంతవరకే.

నిన్న అన్నగారు స్విచ్చి మీద చెయ్యి పెట్టారు. "ఇంకెవరు చూస్తారండీ, ఆపేద్దాం."

"ఉండనివ్వండి" అన్నాను.

ఈ పొద్దున కాఫీ కలుపుతుంటే టిక్కుమంది. చెంచా గ్లాసులోనే వదిలి పైకి చూశాను. పైన చప్పుడు లేదు.

ఇక జరగవలసినవి:

1. మంచం, బట్టలు, పుస్తకాలు అన్నగారు తీసుకువెళ్ళాలి. కంప్యూటర్లనూ పలకనూ కదపకూడదు.
2. ఆమె దగ్గర చదువుకుని అదే కాలేజీలో పాఠాలు చెబుతున్న అమ్మాయిని పిలిపించి, యంత్రాలు ఆగితే ఏం చెయ్యాలో నేను నేర్చుకోవాలి.
3. గేటుకు అద్దె బోర్డు కట్టకూడదు.
4. వడియాలు ఇకమీదట ఎండలోనే.
5. టిక్కుమన్నప్పుడు కిందనుంచి "సరే" అనాలి. పైన ఎవరూ లేకపోయినా.