బ్యాంకు తలుపులూ బిందుమాధవి గారూ

బిందుమాధవి గారి కంటపడిన ఏ తలుపూ మూసి ఉండటానికి వీల్లేదు. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఏడు చెక్కముక్కలుండేవి. తలుపు కింద దూర్చడానికి వీలుగా ఒకవైపు పలచగా చెక్కించుకున్నవి. గుడికెళ్ళినా, పెళ్ళికెళ్ళినా ముందు తలుపు తెరిచి, కింద ఒక ముక్క తోసి, ఆ తరవాతే పలకరింపులు.

ఆవిడ ముప్పై ఏళ్ళు డెట్రాయిట్‌లో మత్తుడాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఎప్పుడో లిఫ్టులో ఇరుక్కుని ఉంటారు, ఆ భయమే ఇది అని మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్ళందరూ కలిసి రోగం తేల్చేశారు. ఆవిడ భర్త యజ్ఞనారాయణ గారిని అడిగాను.

"మా ఇంట్లో మూసి ఉండే తలుపు ఫ్రిజ్‌ది ఒక్కటే మోహన్. అదీ పెరుగు పులుస్తుందని."

2009లో కార్ల కంపెనీ నన్ను లేఆఫ్ చేసింది. "ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుద్దయ్యా, రా" అని ఆవిడ లాక్కెళ్ళారు. పక్క ఊళ్ళో 1912 నాటి బ్యాంకు భవనాన్ని పిల్లల సైన్స్ సెంటర్‌గా మారుస్తున్నారు. క్యాషియర్ల కిటికీల వెనక అయస్కాంతాలు, ఖజానా గదిలో వెలుతురు ప్రయోగాలు. కమిటీకి ఆవిడ అధ్యక్షురాలు. నేను జీతం లేని మేనేజర్ని. నా అసలు పని మాత్రం ఆవిడ వెనకే తిరిగి చెక్కముక్కలు ఏరడం.

ఎందుకంటే, మెట్ల దగ్గరి తలుపులు మంటల్ని ఆపడానికి పెట్టినవి. అవి మూసే ఉండాలి.

"ఆంటీ, ఇన్‌స్పెక్టర్ చూస్తే ఫెయిల్ చేస్తాడు. అప్పుడు ఓపెనింగే ఉండదు!"

"ఆయనొచ్చినప్పుడు మూద్దాంలే."

"ఫైర్ చెప్పి రాదు ఆంటీ!"

"అదీ నిజమే" అని ఆ ముక్క తీసేసి, పది అడుగులు నడిచి, ఇంకో తలుపు కింద పెట్టేవారు. ముఖద్వారం సంగతి చెప్పక్కర్లేదు. ఆ కంచు తలుపు రోజూ పదకొండింటికి బార్లా తెరుచుకునేది. మంచు చుట్టంలా నేరుగా హాల్లోకి వచ్చేసేది. పెయింటర్లు చేతి తొడుగులతోనే రంగులేశారు.

ఇన్‌స్పెక్షన్ రోజు వచ్చింది. ఓపెనింగ్ ఇంకా పన్నెండు రోజులు. తొలిరోజుకే మూడు స్కూళ్ళ పిల్లలు బుక్కయ్యారు. అన్ని అంతస్తులూ గాలించి ఆరు ముక్కలు ఏరాను. ఏడోది దొరకలేదు.

"ఏడోది ఎక్కడ ఆంటీ?"

"ఉంటుందిలే ఎక్కడో."

ఇన్‌స్పెక్టర్ ఆరడుగుల మనిషి, నవ్వని మనిషి. ప్రతి తలుపూ తోసి చూశాడు, ప్రతిసారీ ఏదో రాసుకున్నాడు. మెట్ల తలుపులు బాగున్నాయి. ఖజానా తలుపు కదలకుండా గోడకు బిగించేశాం, అదీ బాగుంది. నేను ఊపిరి పీల్చుకునేలోగా చల్లగాలి కొట్టింది. ముఖద్వారం బార్లా తెరిచి ఉంది. కింద ఏడో ముక్క.

"ఎవరు పెట్టారిది?"

"నేనే" అన్నారు బిందుమాధవి గారు.

అయిపోయాం అనుకున్నాను. ఆవిడ ఆయన్ని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, బయటకు చూపించారు. వాకర్ పట్టుకుని ఒక ముసలాయన మెల్లగా వస్తున్నాడు. పేరు వాల్టర్. ఈ బ్యాంకులోనే ముప్పై ఒక్క ఏళ్ళు క్యాషియరు. రోజూ పదకొండింటికి వచ్చి పాత ఫొటోల కింద పేర్లు రాసిపెట్టేవాడు.

"మొదటిరోజు ఆయన ఈ తలుపు లాగలేకపోయాడు. చేతులకి కీళ్ళవాతం. ఎవర్నీ పిలవలేక వెనక్కెళ్ళిపోయాడు. నేను కిటికీలోంచి చూశాను" అన్నారావిడ. "తనకోసమే తలుపు తీసి పెట్టామంటే సిగ్గుపడతాడు. ఇదంతా నా పిచ్చి అనుకుంటే హాయిగా వస్తాడు."

వెనకే వెళ్ళిన నేను తెలుగులో అడిగాను. "మరి గుళ్ళో? పెళ్ళిళ్ళలో?"

"ప్రతిచోటా ఒకరుంటారయ్యా."

ఇన్‌స్పెక్టర్ వంగి చెక్కముక్క తీసి తలుపు మూశాడు. తలుపు లాగడానికి ఎంత బలం కావాలో కొలిచే చిన్న పరికరం జేబులోంచి తీసి, పిడికి తగిలించి లాగాడు. ముల్లు చివరికంటా వెళ్ళింది.

"రూలు ఒప్పుకునే దానికి మూడింతలు బరువు. ఈ తలుపు ఫెయిల్. బటన్ నొక్కితే తెరుచుకునే మెషీన్ పెట్టించండి. పది రోజుల్లో మళ్ళీ వస్తాను." అని తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుని, అప్పుడే ర్యాంప్ ఎక్కిన వాల్టర్‌తో, "సార్, తలుపు టెస్ట్ చేస్తున్నాను. కాస్త లోపలికి నడుస్తారా?" అన్నాడు.

వాల్టర్ గర్వంగా నడిచాడు.

ఆ పది రోజులూ నాకు నిద్ర లేదు. పాత తలుపు చెక్కుచెదరకుండా మెషీన్ బిగించేవాడు దొరికి, అది పనిచేసి, ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టేసరికి నేను మూడు కిలోలు తగ్గాను.

ఓపెనింగ్ రోజు మొదటి అతిథి వాల్టర్. బటన్ నొక్కాడు. అంత పెద్ద కంచు తలుపు మెల్లగా, మర్యాదగా తెరుచుకుంది. లోపలికెళ్ళాడు. లోపలి బటన్ నొక్కి బయటికొచ్చాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ లోపలికి, మళ్ళీ బయటికి. చలిలో తొంభైమంది పిల్లలు గెంతుతున్నారు. టీచరు గడియారం చూసుకుంటోంది.

"ఆంటీ, ఆయనకి చెప్పనా?"

ఆవిడ నా మోచెయ్యి పట్టి ఆపారు. "ఆగవయ్యా. సైన్స్ సెంటర్లో తొలి ప్రయోగం చేస్తున్నాడు, డిస్టర్బ్ చెయ్యకు."