ఫోటోలకని బయల్దేరి పెళ్ళికొడుకునైన వైనం

పరువు పోగొట్టుకోవడంలో ఒక్కొక్కరిది ఒక్కో దారి. నేను మూడు ఊళ్ళలో, రెండే రోజుల్లో, నిమిషాలతో సహా టైము రాసిపెట్టుకుని మరీ పోగొట్టుకున్నాను. ఆ టైములు వేసిందీ నేనే, ఊరందరికీ చాటిందీ నేనే. ఇంత పద్ధతిగా కొంప ముంచుకున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి, వచ్చి దండం పెట్టుకుంటాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. రాజపాళయంలో ఒక నూలు మిల్లులో లారీల లోడు రాసుకునే పని. మనసు మాత్రం కెమెరా మీద. మదురైలో ఒక స్టూడియో ఆయన కాళ్ళా వేళ్ళా పడితే, "సోమవారం పది మంచి ఫోటోలు తీసుకురా, నచ్చితే పనిలో పెట్టుకుంటా" అన్నారు. మిల్లులోంచి బయటపడడానికి నాకు దొరికిన ఒకే ఒక్క దారి ఆ పది ఫోటోలు.

వెంటనే ఒక చిన్న టూరు వేశాను. శనివారం తెల్లారి మంసాపురం చెరువులో కొండ నీడ. సాయంత్రం సేత్తూరు వెనకాల కొండల్లోకి దిగే సూర్యుడు. ఆదివారం పొద్దున తళవాయిపురం గుడి గోపురం మీద లేత ఎండ. బండి నా స్నేహితుడు కుమారుది. వాడికి అన్నీ నోటితో చెప్పినా, మరిచిపోతాడని వాట్సాప్‌లో కూడా పెట్టాను: "శని పొద్దున ఆరుకు మంసాపురం. సాయంత్రం ఐదుకు సేత్తూరు. ఆదివారం పొద్దున ఏడుకు తళవాయిపురం. మొత్తం ఇద్దరం. రెడీగా ఉండాల."

కుమారుకని పంపింది కాస్తా మా బంధువుల గ్రూపులో పడింది. ఆ మూడు ఊళ్ళలోనూ మాకు తలా ఒక చుట్టాలిల్లు ఉంది.

ఇక్కడ మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో పెళ్ళి కుదిరితే ఊరూరూ తిరిగి పత్రికలిస్తారు. ఇంటికి తాళం ఉండకూడదని, ఏ ఊరికి ఎన్నింటికి వస్తామో, ఎంతమంది వస్తామో ముందే గ్రూపులో పెడతారు. అలాంటి మెసేజు వేరే పనికి పెట్టిన మహానుభావుడు మా వంశంలో నాకు ముందు లేడు. అది చాలదన్నట్టు, కళాకారుడికి ఏకాగ్రత ముఖ్యమని ఫోను ఆపేసి బీరువాలో పెట్టి బయల్దేరాను. అమ్మా నాన్నా కోయంబత్తూరులో అక్క ఇంట్లో ఉన్నారు.

మంసాపురం పొలిమేరలో రోడ్డు మధ్యన మా పెదమ్మ పట్టుచీర కట్టుకుని నిలబడి ఉంది.

"ఆరంటే ఆరుకే వచ్చినావే! రా నాయనా, ఇడ్లీ వేడిగా ఉండాది."

"పెదమ్మా, మేము చెరువుకు పోవాల. ఎండ ఎక్కితే..."

"చెరువు ఎక్కడికి పోతాది? ముందు తిను," అని మమ్మల్ని ఇంటికి లాక్కుపోయి ఆకులు వేసింది. "పత్రిక ఏది?"

"ఏం పత్రిక?"

"ఇంకా అచ్చు కాలేదా? సరి, నోటి పిలుపే చాలు. పొణ్ణు ఏ ఊరు?"

పొణ్ణంటే పెళ్ళికూతురు; లేని పెళ్ళికూతురికి ఊరు ఎక్కడ తెచ్చేది? సాయం చేస్తాడేమోనని కుమారు వైపు చూశాను. వాడు అప్పటికే ఆకు ముందు కూర్చుని చట్నీ వేయించుకుంటున్నాడు.

అంతలో పెదమ్మ ఫోను మోగింది. అమ్మ.

"ఒరే, నిన్ను కన్నది నేనారా, మంసాపురమా? నీ కల్యాణం వీళ్ళు చెప్పితే నేను వినాల్నా?"

"కల్యాణమూ లేదు, ఏమీ లేదమ్మా. సుమ్మా, ఊరికే ఫోటోలు ఎత్తేదానికి వచ్చినాను."

"పెండ్లే లేకుండా పెండ్లి ఫోటోలా?"

నాన్న ఫోను లాక్కున్నారు. ఆయన తిడితే బాగుండేది. "మెసేజు పెట్టినావు గదా, మిగిలిన రెండిండ్లకూ చెప్పిన టైముకు పోయి, నిజం నీ నోటితోనే చెప్పు. వండిపెట్టుకోని కాచుకోని ఉంటారు. ఇప్పుడు పోకుంటే రేపు మనింటి గడప ఎవురూ తొక్కరు."

జరిగిందంతా పెదమ్మకు చెప్పాను. ఆమె ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. తర్వాత చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "పట్టుచీర కట్టేసినాను గదా. దానికన్నా ఒక ఫోటో ఎత్తు." మేము చెరువు కట్ట ఎక్కేసరికి ఎండ చురుక్కుమంటోంది, నీళ్ళలో కొండ నీడ ఎప్పుడో చెదిరిపోయింది. పెదమ్మ మాత్రం నన్ను చూసి కడుపు పట్టుకుని నవ్వుతోంది. అదే తీశాను.

సేత్తూరులో మా మామ గులాబీమాలతో ఎదురొచ్చి, నేను నోరు తెరిచేలోపే మెడలో వేసేశాడు.

"మామా, పెండ్లి లేదు!"

"ఏమప్పా, నిలిచిపోయినాదా?"

"కుదరనే లేదు మామా!"

"అయితే కుదిరేదాకా మాల తియ్యవద్దు," అని పగలబడి నవ్వాడు. పాయసం, వడ, మళ్ళీ పాయసం. బయటికొచ్చేసరికి సూర్యుడు నా కోసం ఆగకుండా కొండ దిగిపోతున్నాడు. ఆ చివరి ఎరుపులో దొరికింది మామే.

తళవాయిపురంలో అత్త ఒక్కతే ఉంటుంది. ఆమె ఇంటి ముందు ముగ్గు చూడగానే నాకు సిగ్గేసింది. నిజం చెప్పేశాను.

"పిలుపుకని ఈ ఇంటికి ఎవురన్నా వచ్చి ఎన్నేండ్లు అయినాయో," అంది అత్త. "నీ మెసేజు చూసి ఏడ్చినాను. పెండ్లి లేకుంటే పోనీరా. నువ్వు వచ్చినావు గదా." నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుడి ముందు ఆమెను నిలబెట్టి, ఆమె నవ్వుతుంటే వెలుతురు సంగతి మరిచిపోయి తీస్తూనే ఉన్నాను.

సోమవారం స్టూడియో ఆయన పది ఫోటోలూ తిరగేశారు. 

"చెరువు ఏది?"

"పెదమ్మ వెనకాల ఉంది సార్."

"కొండ?"

"మామ వెనకాల."

"గోపురం?"

"అత్త తల పక్కన చూడండి సార్, కొంచెం కనిపిస్తుంది."

మిల్లుకు తిరిగి పోవడమే మిగిలిందనుకున్నాను. ఆయన అత్త ఫోటో దగ్గర చాలాసేపు ఆగారు. "కెమెరా ముందు మనుషుల్ని ఇలా నవ్వించడం నా దగ్గర ఎవరికీ చేతకాదు. పెళ్ళిళ్ళ ఫోటోలకు వచ్చెయ్" అన్నారు. సంతోషంతో బస్‌స్టాండు దాకా పరిగెత్తాను.

నాలుగేళ్ళకు నాకు నిజంగానే పెళ్ళి కుదిరింది. పద్ధతిగా గ్రూపులో టైములు పెట్టి, పత్రికలు పట్టుకుని, పొద్దున ఆరింటికి మంసాపురం పోయాను. పెదమ్మ ఇంటికి తాళం. వెతుక్కుంటూ చెరువు కట్టకు పోతే, పెదమ్మా, ఆమె కోడళ్ళూ, వీధిలోవాళ్ళూ పట్టుచీరలు కట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు.

"పెదమ్మా, పత్రిక..."

"అది ఆ పక్కన పెట్టు. వెలుతురు పోతా ఉండాది, తొందరగా ఎత్తు!"

ఆ రోజు నా దగ్గర కెమెరా లేదు. అందుకే, ఆ కట్ట మీద తిన్న తిట్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఊరి పేరూ టైమూ కలిపి ఈ జన్మలో ఎవరికీ మెసేజు పంపను. కెమెరా లేకుండా మంసాపురం పొలిమేర తొక్కను, అది నా పెళ్ళికైనా సరే.